నగరానికి తెలివి కంట్రోల్ రూమ్‌లో పుట్టదు

వాన పడితే ఏ వీధిలో ముందు నీళ్లు నిలుస్తాయో ఆ వీధిలో ఉండేవాళ్లకు తెలుసు. ఎందుకు నిలుస్తాయో కూడా చాలాసార్లు తెలుసు: పాత రోడ్డును గీకకుండా దాని మీదే కొత్తది వేశారు, ఎత్తు పెరిగి వాలు ఇళ్లవైపు తిరిగింది, నీళ్లు దిగాల్సిన జాలీ సగం తారు కిందికి పోయింది. డ్రెయిను వ్యాసం ఎంత, వాలు ఎంత, గంటకు ఎన్ని మిల్లీమీటర్ల వానకు లెక్కేసి కట్టారన్నది ఇంజినీరుకు తెలుసు. నీటిమట్టం కొలిచే సెన్సర్ పెడితే ఎన్ని సెంటీమీటర్లు నిలిచాయో, ఎంతసేపటికి దిగాయో అది చెబుతుంది. ఈ మూడూ మూడు చోట్ల ఉండిపోయినంత కాలం కంట్రోల్ రూమ్‌లో ఎన్ని తెరలు వెలిగినా మళ్లీ వానకు అదే వీధి మునుగుతుంది.

ఈ మూడింటినీ ఒకచోటికి చేర్చి, నిర్ణయంగా మార్చి, ఆ నిర్ణయం పనిచేసిందో లేదో మళ్లీ కొలిచి చూసుకోగల జనసమూహమే జ్ఞానాధారిత పట్టణ సమాజం. స్మార్ట్ సిటీ ప్రణాళికల్లో కేబుళ్లకు, కెమెరాలకు, సాఫ్ట్‌వేర్‌కు విడివిడిగా కేటాయింపులుంటాయి. ఇలాంటి సమాజాన్ని కట్టడానికి మాత్రం ‘అవగాహన సదస్సులు’ అన్న ఒక్క పద్దుతో సరిపెడతారు. చాలా ప్రాజెక్టులు దెబ్బతినేది అక్కడే. ఆ సమాజం కూడా పైపులైను లాంటి సదుపాయమే. దానికీ డిజైను కావాలి, బడ్జెట్ కావాలి, ఏటేటా మరమ్మతు కావాలి.

టెక్ పార్కు కట్టినంత మాత్రాన

జ్ఞానాధారిత అభివృద్ధి అన్న మాటను నగర ప్రణాళికలో 1995 నాటికే రిచర్డ్ నైట్ అనే పరిశోధకుడు వివరంగా చర్చించాడు. నగరంలో ఉన్న రకరకాల జ్ఞానాన్ని స్థానిక అభివృద్ధిగా మార్చుకోవడం ఆ ఆలోచనకు మూలం. ఆచరణలో చాలాచోట్ల అది కుంచించుకుపోయింది. ఒక యూనివర్సిటీ, దాని పక్కన పరిశోధనా సంస్థలు, కొన్ని కంపెనీలు, వేగమైన ఇంటర్నెట్ ఉంటే జ్ఞాన నగరం వచ్చేసిందనుకోవడం మొదలైంది.

బార్సిలోనాలోని పోబ్లెనౌ ప్రాంతం దీనికి మంచి పాఠం. పాత ఫ్యాక్టరీలున్న దాదాపు 200 హెక్టార్లను జ్ఞాన పరిశ్రమల కేంద్రంగా మార్చేందుకు 2000లో ‘22@’ అనే ప్రణాళికను ఆమోదించారు. కంపెనీలు వచ్చాయి, కొత్త భవనాలు లేచాయి. అక్కడే పుట్టి పెరిగిన కుటుంబాలు, చిన్న వర్క్‌షాపులు, కళాకారులు మాత్రం అద్దెలకు తట్టుకోలేక వెనక్కి జరగాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి అభ్యంతరాల తర్వాత నివాసులను, కంపెనీలను, విద్యాసంస్థలను కూర్చోబెట్టి ప్రణాళికను తిరగరాసే చర్చ జరిగి, 2018లో కొత్త ఒప్పందం కుదిరింది. ఇళ్ల కోసం మరింత చోటు ఉండాలన్నది అందులో ప్రధానాంశం. ప్రాంతంలోకి జ్ఞానాన్ని దింపడం ఒక పని, ప్రాంతంలో ఉన్న జ్ఞానాన్ని వాడుకోవడం మరో పని. రెండోది లేకుండా మొదటిది చేస్తే కట్టిన భవనాలు అందంగానే ఉంటాయి, వాటి చుట్టూ ఉన్న ఊరు మాత్రం పరాయిదవుతుంది.

టొరంటోలో కథ ఇంకాస్త త్వరగా తేలిపోయింది. సరోవర తీరంలో సుమారు 12 ఎకరాల్లో సెన్సర్లతో నిండిన పేటను కడతామని 2017 అక్టోబరులో గూగుల్ అనుబంధ సంస్థ సైడ్‌వాక్ ల్యాబ్స్ ప్రకటించింది. వీధుల్లో సేకరించే డేటా ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న మీద వివాదం రేగింది. ఆర్థిక అనిశ్చితిని కారణంగా చూపుతూ 2020 మేలో సంస్థ తప్పుకుంది. అంతవరకూ ఆ ప్రశ్నకు అందరూ ఒప్పుకునే జవాబు దొరకలేదు. సాంకేతికత ముందు సిద్ధమై, హక్కుల మాట తర్వాత చూద్దామనుకున్నప్పుడు ఇలాంటి చిక్కే వస్తుంది.

డెసిబెళ్లు ఎలా సాక్ష్యమయ్యాయి

డేటా జ్ఞానంగా మారడమంటే ఏమిటో దగ్గర్నుంచి చూడాలంటే బార్సిలోనాలోనే గ్రాసియా పేటలో ఉన్న ప్లాసా దెల్ సోల్ అనే చిన్న కూడలికి వెళ్లాలి. చుట్టూ ఇళ్లు, మధ్యలో మెట్లు. రాత్రి పొద్దుపోయేదాకా జనం అక్కడే కూర్చుని కబుర్లాడతారు. నిద్ర పట్టడం లేదని నివాసులు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నా, అవి ఫిర్యాదులుగానే మిగిలిపోయాయి. యూరోపియన్ యూనియన్ నిధులతో నడిచిన మేకింగ్ సెన్స్ ప్రాజెక్టులో భాగంగా ఫ్యాబ్ ల్యాబ్ బార్సిలోనా అనే డిజిటల్ తయారీ ప్రయోగశాల వాళ్ల స్మార్ట్ సిటిజన్ పరికరాలను నివాసులు తమ బాల్కనీల్లో పెట్టుకుని శబ్దాన్ని కొలిచారు. రాత్రివేళ ఆరుబయట సగటు శబ్దం 40 డెసిబెళ్లు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో యూరప్ కోసం ఇచ్చిన మార్గదర్శకం. బాల్కనీల్లోని అంకెలు ఆ హద్దును బాగా దాటాయి.

అసలు పని అక్కడి నుంచే మొదలైంది. ఏ గంటలో శబ్దం పెరుగుతోంది, అందులో జనం మాటలు ఎంత, చెత్త లారీ ఎంత అని విడదీసి చూడటం, కూడలిలోనే సమావేశం పెట్టి అంకెలు చూపించడం, నగరపాలక సంస్థ ముందు వాటిని ఉంచడం. చెత్త లారీల వేళలు మార్చడం, మెట్ల మీద జనం కూర్చునే చోట పూలకుండీలు పెట్టడం లాంటి మార్పులు దాని ఫలితమే. ‘నిద్ర పట్టడం లేదు’ అన్న మాటలో నిజం ముందు నుంచీ ఉంది. కొలత వల్ల అది అధికారి పక్కన పెట్టలేని రూపంలోకి వచ్చింది.

ఇక్కడ కొలిచేవారు తప్పనిసరిగా తెలుసుకోవాల్సిన సంగతులు రెండున్నాయి. డెసిబెళ్లను మామూలు సగటు తీయకూడదు. అరగంట 50, మరో అరగంట 80 డెసిబెళ్లు నమోదైతే గంట సగటు 65 కాదు, దాదాపు 77. ఈ కొలమానం లాగరిథమ్ మీద నడుస్తుంది కాబట్టి పెద్ద శబ్దానిదే పైచేయి. స్ప్రెడ్‌షీట్‌లో సాధారణ సగటు తీసి చూపిస్తే ఇంజినీరు మొదటి నిమిషంలోనే తప్పు పట్టుకుంటాడు, ఆపైన మిగతా పనంతా అనుమానంలో పడుతుంది. రెండోది పరికరం పెట్టే చోటు. గోడకు ఒకటి రెండు మీటర్ల ముందు పెడితే తిరిగొచ్చిన శబ్దం కలిసి సుమారు 3 డెసిబెళ్లు, గోడకే అతికిస్తే దాదాపు 6 డెసిబెళ్లు ఎక్కువ చూపుతుంది. అన్ని పరికరాలనూ ఒకే పద్ధతిలో పెట్టి, ఆ పద్ధతిని రాసిపెట్టుకోవాలి.

ప్రశ్న ముందు, పరికరం తర్వాత

‘కాలుష్యం తగ్గించాలి’ అన్నది లక్ష్యమే గాని ప్రశ్న కాదు. ‘బడి వదిలే అరగంటలో గేటు ముందు పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి) ఎంత ఉంటోంది, వాహనాల వరుసను వంద మీటర్ల అవతలికి జరిపితే ఎంత తగ్గుతుంది’ అన్నది ప్రశ్న. దానికి స్థలం ఉంది, సమయం ఉంది, మార్చగలిగిన అంశం ఉంది. ప్రశ్న సరిగా ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. అంకె ఎక్కువొస్తే ఏం చేస్తారు, తక్కువొస్తే ఏం చేస్తారు అని నిర్ణయాధికారం ఉన్న వ్యక్తిని ముందే అడగాలి. రెండింటికీ ఒకే జవాబు వస్తే కొలవడం దండగ.

మొదటి ప్రయత్నానికి 500 నుంచి 2,000 ఇళ్లున్న పేట సరిపోతుంది. అంతకన్నా చిన్నదైతే ఇద్దరు ముగ్గురి ఉత్సాహం మీదే బండి నడుస్తుంది. పెద్దదైతే ఒకరి సమస్య ఇంకొకరికి పట్టదు. 15 నుంచి 20 సెన్సర్లు, పాడైతే మార్చడానికి ప్రతి ఐదింటికి ఒకటి చొప్పున అదనంగా, పోలిక కోసం మార్పేమీ చేయబోని పక్క వీధిలో రెండు మూడు కావాలి. మార్పుకు ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు కొలవాలి. పక్క వీధిలోని సెన్సర్లను చాలామంది అనవసరం అనుకుంటారు. వాతావరణం మారినందువల్ల అంకె తగ్గిందా, మనం చేసిన పనివల్ల తగ్గిందా అన్నది అవి లేకుండా చెప్పడం సాధ్యం కాదు.

గాలి నాణ్యత కొలిచే చవక పరికరాల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది బోల్తా పడేది వీటి దగ్గరే కాబట్టి. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో 2015లో మొదలై, తర్వాత ఎన్నో దేశాలకు పాకిన పౌర సెన్సర్ల నెట్‌వర్క్ ఎస్‌డీఎస్011 అనే లేజర్ సెన్సర్‌ను, వైఫై ఉన్న చిన్న నోడ్‌ఎంసీయూ బోర్డును వాడింది. ఆ లేజర్ ఆయుష్షు సుమారు 8,000 గంటలు. ఆపకుండా నడిపితే 11 నెలల్లో అయిపోతుంది. అందుకే కొద్ది నిమిషాలకోసారి మేల్కొలిపి, కొన్ని సెకన్లు కొలిచి, నిద్రపుచ్చేలా ప్రోగ్రాం రాస్తారు. గాలిలో తేమ 70 శాతం దాటితే నీటి తుంపరలను కూడా ఇది ధూళిగానే లెక్కిస్తుంది. మంచు కురిసిన తెల్లవారుజామున అంకె ఒక్కసారిగా ఎగబాకితే పొగ అనుకోకూడదు. ప్రతి పెట్టెలో తేమ సెన్సర్ కూడా ఉండాలి, తేమ ఎక్కువున్న రీడింగులకు విడిగా గుర్తు పెట్టాలి. బిగించే ముందు అన్ని పెట్టెలనూ ప్రామాణిక కాలుష్య కేంద్రం పక్కన కనీసం రెండు వారాలు ఉంచి, ఏది ఎంత ఎక్కువ తక్కువ చూపుతోందో పట్టిక రాసుకోవాలి. పని ముగిశాక మళ్లీ ఒకసారి అక్కడికే తీసుకెళ్లి పోల్చాలి. గాలి లోపలికి వెళ్లే గొట్టంలో సాలీడు గూడు కడితే అంకెలు సున్నా దగ్గర ఆగిపోతాయి. ‘మా వీధి గాలి అద్భుతం’ అని సంబరపడే ముందు మూత తీసి చూడాలి.

కాగితం మీద లేని జ్ఞానం

చేతితో చేయగలిగినా మాటల్లో పూర్తిగా చెప్పలేని జ్ఞానం గురించి తత్వవేత్త మైఖేల్ పొలాన్యీ 1960లలో రాశాడు. నగరాల్లో ఇది నిండుగా ఉంటుంది. ఏ మ్యాన్‌హోల్ ఎప్పుడు పొంగుతుందో పారిశుధ్య కార్మికులకు తెలుసు. ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే చివరి ఇంటికి నీళ్లు వెళ్తాయో నీళ్లు వదిలే మనిషికి తెలుసు. వాళ్లను సమావేశానికి పిలిచి మైకు ఇస్తే రెండు మాటలు చెప్పి కూర్చుంటారు. ఆ జ్ఞానం నడకలో బయటపడుతుంది.

1:1000 స్కేలులో పేట మ్యాపును పెద్ద కాగితాల మీద ప్రింటు తీయాలి. ఆ స్కేలులో మ్యాపు మీద ఒక సెంటీమీటరు నేల మీద పది మీటర్లు, వేలితో చూపించడానికి వీలైన పరిమాణం. నలుగురైదుగురు చొప్పున గంటన్నర నడవాలి. ప్రతి గుంపులో ఆ పని రోజూ చేసేవారు ఒకరు, అక్కడ నివసించేవారు ఇద్దరు, రాసుకునేవారు ఒకరు. ప్రతి గుర్తు పక్కన తేదీ, ఎవరి వృత్తి అనుభవం నుంచి వచ్చింది, సొంత కళ్లతో చూసిందా విన్నదా అన్నవి రాయాలి. విడివిడిగా ఇద్దరు చెప్పిన సంగతినే మ్యాపులో ఖాయం చేయాలి, ఒక్కరే చెప్పింది చుక్కల గీతలో ఉంచాలి. ఇంజినీరింగ్ విభాగం ఈ మ్యాపును నమ్మేలా చేసేది ఈ నియమమే.

ఫోన్ యాప్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో బోస్టన్ చూపించింది. రోడ్డు మీద కుదుపులను ఫోనులోని మోషన్ సెన్సర్‌తో పసిగట్టే ‘స్ట్రీట్ బంప్’ యాప్ వచ్చినప్పుడు, స్మార్ట్‌ఫోన్లు, కార్లు ఎక్కువున్న సంపన్న ప్రాంతాల గుంతలే ఎక్కువగా కనిపించే ప్రమాదం ఉందని గుర్తించారు. అందుకే ముందుగా నగరమంతా తిరిగే రోడ్డు తనిఖీ సిబ్బందికి ఇచ్చారు. పైగా చాలా కుదుపులు గుంతలవి కావని, రోడ్డు ఎత్తుతో కలవని మ్యాన్‌హోల్ మూతలవని తేలింది. ఏ పేట నుంచి డేటా రాలేదో ఆ ఖాళీనే ముందు చదవాలి. ఇళ్ల సంఖ్యకు తగ్గట్టు నమోదులు లేని వీధుల జాబితా ప్రతి నెలా తీసి, అక్కడికి మనిషి వెళ్లాలి.

జవాబు రాకపోతే సమాజం నిలవదు

ప్రజల భాగస్వామ్యానికి ఎనిమిది మెట్లున్నాయని షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో వివరించింది. అడుగున జనాన్ని నమ్మించి నడిపించడం, మధ్యలో సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, పైన అధికారం పంచుకోవడం. స్మార్ట్ సిటీ పోర్టళ్లలో చాలావరకు మధ్య మెట్ల దగ్గర ఆగిపోతాయి. అభిప్రాయం తీసుకుంటారు, దాని సంగతేమైందో చెప్పరు. ఒకసారి రాసి జవాబు రానివారు రెండోసారి రాయరు. పోర్టల్‌లో ఫిర్యాదులు తగ్గితే సమస్యలు తగ్గాయని నివేదికలో రాసుకోవడం ఇంకా ప్రమాదకరం.

బార్సిలోనా 2016లో మొదలుపెట్టిన డెసిడిమ్ అనే ఆన్‌లైన్ వేదిక ఈ విషయంలో ఒక అడుగు ముందుకేసింది. నగర కార్యాచరణ ప్రణాళిక కోసం పది వేలకు పైగా ప్రతిపాదనలు వచ్చాయి. ప్రతిపాదన ఏ దశలో ఉంది, తీసుకున్నారా, తోసిపుచ్చారా అన్నది అందరికీ కనిపించేలా వేదికను కట్టారు. దాని కోడ్ బహిరంగం కాబట్టి వేరే నగరాలూ వాడుకుంటున్నాయి. సాఫ్ట్‌వేర్ తెచ్చుకోవడం తేలికే. ప్రతి ప్రశ్నకూ ఒక అధికారి పేరు, 30 రోజుల గడువు, ‘కుదరదు’ అంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలన్న ఉత్తర్వు తెచ్చుకోవడమే కష్టం. ఆ ఉత్తర్వు లేకుండా వేదికను ప్రారంభించకపోవడమే మేలు. ‘కుదరదు’ అన్న జవాబుతో కూడా జనం నిలబడతారు. నిశ్శబ్దంతో మాత్రం నిలబడరు.

అధికారుల వైపు ఇంకో సమస్య ఉంది. ఉత్సాహం ఉన్న కమిషనర్ బదిలీ కాగానే ప్రాజెక్టు ఆగిపోతుంది. అందుకే బాధ్యతను వ్యక్తి పేరు మీద కాకుండా పోస్టు మీద పెట్టాలి, పాత ఫైళ్లు కొత్తవారికి అప్పగించే పత్రంలో ఈ పేట ప్రశ్నలు, గడువులు తప్పనిసరి అంశంగా ఉండాలి.

ఎవరి డేటా, ఎవరి చేతిలో

పొరుగువారు కొలుస్తున్నారంటే పొరుగువారి జీవితం కూడా కొలతలోకి వస్తుంది. శబ్దం కొలిచే పరికరం మాటలను రికార్డు చేయకూడదు. నిమిషానికి ఒక సగటు, ఒక గరిష్ఠ అంకె లోపలే లెక్కేసి, అసలు ధ్వనిని అక్కడే చెరిపేయాలి. మనుషులను లెక్కపెట్టే కెమెరా కూడా అంకెను మాత్రమే బయటికి పంపాలి. ఇందులో ఒక సాంకేతిక సౌలభ్యం ఉంది. తక్కువ విద్యుత్తుతో దూరం పంపే లోరావాన్ నెట్‌వర్క్ యూరప్‌లో అన్నిటికన్నా నెమ్మదైన వేగంలో ఒకసారికి 51 బైట్లకు మించి మోయదు. దాని మీద వీడియో పంపడం వీలే కాదు. గోప్యతను హామీ పత్రం మీద వదిలేయకుండా, పరికరం చేయలేని పనిగా మార్చేయడం ఉత్తమం. నీటి వాడకం, కరెంటు వాడకం లాంటివి ప్రచురించేటప్పుడు పది ఇళ్లకు తక్కువున్న గుంపును విడిగా చూపించకూడదు. ఎన్నాళ్లు దాచాలో, ఆ తర్వాత ఎవరు చెరపాలో మొదటి సమావేశంలోనే రాసుకోవాలి.

ఎస్టోనియా 2001 నుంచి వాడుతున్న ఎక్స్‌రోడ్ వ్యవస్థ నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. సమాచారమంతా ఒకే గోదాములో కుప్ప పోయకుండా ఎక్కడిదక్కడే ఉంచి, అవసరమైనప్పుడు అడిగి తెచ్చుకుంటారు. అడిగిన ప్రతిసారీ చిట్టా నమోదవుతుంది, తన వివరాలను ఎవరు చూశారో పౌరుడు చూసుకోవచ్చు. పేట స్థాయిలో దీన్ని ఒక మామూలు రిజిస్టర్‌తో కూడా అమలు చేయవచ్చు.

కంపెనీలతో ఒప్పందం రాసేటప్పుడు నాలుగు షరతులు వదలకూడదు. డేటా నగరానిదీ పేటదీ అని స్పష్టంగా ఉండాలి. బహిరంగ ఫార్మాట్‌లో ఎప్పుడు కావాలంటే అప్పుడు దించుకునే వీలుండాలి. కంపెనీ తప్పుకుంటే 90 రోజుల పాటు సేవ నడిపి అప్పగించాలి. పరికరం సొంతదారు ఎవరన్నది తేలాలి. చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, పైలట్ (ప్రయోగ దశ) ముగిశాక పరికరాలు విప్పుకుపోయిన చోట జనానికి మిగిలేది గోడకు మేకులే.

రెండో ఏడాది

ప్రారంభోత్సవం నాటి సెన్సర్లలో రెండో ఏడాదికి ఎన్ని పలుకుతున్నాయన్నదే అసలు పరీక్ష. ఆగిపోవడానికి కారణాలు చాలా మామూలువి: సెన్సర్ల డేటాను ఇంటర్నెట్‌కు చేర్చే గేట్‌వేలోని సిమ్‌కు రీచార్జి చేయలేదు, ఇంటివారు రూటర్ పాస్‌వర్డ్ మార్చారు, బ్యాటరీ ఉబ్బింది, ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుంది. వీటికి పెద్ద నిపుణులు అక్కర్లేదు, నెలకు రెండు రోజులు జీతం తీసుకుని తిరిగే ఒక స్థానిక వ్యక్తి చాలు. స్వచ్ఛందంగా చేయమంటే ఆరు నెలలు చేస్తారు, ఆ తర్వాత ఇంటి పనులు ముందుకొస్తాయి. మొత్తం ఖర్చులో పరికరాలకు మూడోవంతు మించకుండా చూసుకుని, మిగతాది మూడేళ్ల మనుషుల జీతాలకు, విడిభాగాలకు, నెట్‌వర్క్‌కు కేటాయించడం సబబు. టెండర్లు దీనికి తలకిందులుగా ఉంటాయి, ఎందుకంటే కొన్న వస్తువును ఆస్తిగా చూపించవచ్చు, మనిషి శ్రమను చూపించలేరు.

విజయాన్ని లెక్కించేందుకు 2014లో వచ్చిన ఐఎస్‌వో 37120, స్మార్ట్ నగరాల కోసం 2019లో వచ్చిన ఐఎస్‌వో 37122 ప్రమాణాలున్నాయి. నగరాలను పోల్చడానికి అవి పనికొస్తాయి. పేటకు మూడే లెక్కలు చాలు: అడిగిన ప్రశ్నల్లో ఎన్నింటికి గడువులోగా జవాబొచ్చింది, ఎన్నింటి వల్ల నిర్ణయం మారింది, మారాక ఎన్నింటిని తిరిగి కొలిచారు. యాప్ ఎంతమంది దించుకున్నారన్న అంకె వీటిలో దేనికీ ప్రత్యామ్నాయం కాదు.

ఒక పేటలో పనిచేసినది ఇంకో పేటకు వెళ్లేటప్పుడు ఫారాలు, డేటా నిఘంటువు (ఏ అంకె దేన్ని సూచిస్తుందో చెప్పే పట్టిక), ఒప్పంద నమూనా, కొలత పద్ధతి యథాతథంగా వెళ్తాయి. ప్రశ్న వెళ్లదు, నమ్మకం వెళ్లదు, రెంటినీ అక్కడే మొదటి నుంచి కట్టాలి. నైరోబీలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి కిబెరా మురికివాడ మ్యాపుల్లో ఖాళీగా ఉండేది. 2009లో అక్కడి యువతే శిక్షణ తీసుకుని నీటి కేంద్రాలు, ఆసుపత్రులు, బడులు ఎవరైనా దిద్దగలిగే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించారు. తర్వాత కొన్నేళ్లకు డిజిటల్ మటాటూస్ ప్రాజెక్టులో నైరోబీ విశ్వవిద్యాలయం, అమెరికన్ విశ్వవిద్యాలయాలు కలిసి ‘మటాటూ’ అనే ప్రైవేటు మినీ బస్సుల్లో ఫోన్లతో ప్రయాణించి 130కి పైగా రూట్లను నమోదు చేసి, 2014లో మ్యాపు విడుదల చేశాయి. ప్రపంచమంతా బస్సు సమాచారానికి వాడే జీటీఎఫ్ఎస్ ఫార్మాట్‌నే వాళ్లూ వాడారు. అయితే అది నిర్ణీత సమయ పట్టికలు, అధికారిక స్టాపులు ఉన్న బస్సుల కోసం తయారైంది. నిండితే కదిలే, చెయ్యెత్తితే ఆగే బండ్లకు దాన్ని సర్దుకోవాల్సి వచ్చింది. ఇలాంటి మ్యాపు అచ్చయిన రోజు నుంచే పాతబడటం మొదలవుతుంది, ఎందుకంటే డ్రైవర్లు ట్రాఫిక్‌ను బట్టి దారి మారుస్తారు. దాన్ని బతికించుకోవాలంటే ప్రతి రూటుకూ ఒక బాధ్యుడు ఉండాలి, మూడు నెలలకోసారి ఆ రూటులో ఎక్కి తిరిగి రావాలి, మారిన స్టాపును ఆ వారంలోనే సరిదిద్దాలి.